మాల్వేర్ పరిశోధనము : స్త్రీలకు దగిన విద్య

ఇంటిలో దొంగ దూరినచో తాళము విరిగియుండును, పెట్టె తెరచియుండును. కంప్యూటరులో దూరిన దొంగ యట్టి గురుతులను బైటకు కనబడనీయడు. ఇట్లు చాటుగా ప్రవేశించి హాని చేయుటకై వ్రాయబడిన ప్రోగ్రామునకు మాల్వేర్ అని పేరు. దానిని విప్పి చదివి, దాని పని యేమో తేల్చుట యొక విద్య. అది విడిచిన జాడలను న్యాయస్థానమునకు పనికివచ్చునట్లు భద్రపరచుట దానికి తోడగు విద్య. దీనిని ఫోరెన్సిక్స్ అందురు.

ఈ విద్య యెంత యవసరమో 2017 మే 12వ తేదిని లోకమునకు తెలిసినది. ఆనాడు బయలుదేరిన వానాక్రై యను మాల్వేర్ సుమారు 150 దేశములలో యంత్రములను బంధించి, విడుచుటకు సొమ్మడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని యంత్రములును దాని వాతబడినవి. మార్కస్ హచిన్స్ అను నాంగ్లేయ యువకుడు, అది ఎవరికిని చెందని యొక వెబ్ చిరునామాను పిలుచుచుండుట గమనించి, ఆ చిరునామాను తన పేర రిజిస్టరు చేయించెను. పిలుపునకు బదులు రాగానే దాని వ్యాప్తి నిలిచెను. అట్లగునని ముందుగా నాతడు నెరుగడు. శ్రద్ధగా చూచుటయే మేలయ్యెను.

ఈ విద్యలో పేరొందిన యోగ్యతాపత్రము అమెరికాలోని జి.ఐ.ఏ.సి. సంస్థ యొసగు జి.ఆర్.ఇ.ఎం. పరీక్షకు మూడు గంటల కాలము, 66 ప్రశ్నలు. నూటికి 73 వచ్చినగాని గెలుపు లేదు. అచ్చు పుస్తకములను, సొంత వ్రాతలను వెంట గొనిపోవచ్చును. అయినను పుటలు వెదకుచు గూర్చుండువారికి కాలము చాలదు. కావున అభ్యర్థులు నెలల తరబడి చదివి, అక్షరక్రమమున విషయసూచికను తామే వ్రాసికొందురు. కొన్ని ప్రశ్నలకు యంత్రముపై పనిచేసి చూపవలెను. నాలుగేండ్లకు యోగ్యతను పునరుద్ధరించుకొనవలెను.

అభ్యాసము రెండు విధములు. ప్రోగ్రామును నడపకయే అసెంబ్లీ భాషలో చదువుట మొదటిది. కఠినపద్యమునకు పదచ్ఛేదము చేసి అన్వయము కుదుర్చుటవంటిదే యిదియు. ఇతర యంత్రములతో సంబంధము లేని ప్రత్యేక యంత్రమున దానిని నడపి, నడత గనిపెట్టుట రెండవది. ఇంటి కంప్యూటరులో నిట్టి సాహస మెన్నడును గూడదు.

శిక్షణకు వేల డాలర్లగును. అంత శక్తి లేనివారు 2019లో ఉచితముగా విడుదలయైన గీడ్రా యను సాధనముతో నారంభింపవచ్చును.

సోదరీమణులారా! భార్య ఫోనులో భర్తయే వేగు ప్రోగ్రామును దాచియుంచు దుర్దినములివి. అట్టి స్త్రీ భయపడి ఫోనును తుడిచివేసినచో సాక్ష్యము నశించును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను, ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు నిపుణుల సంతకముగల ధ్రువపత్రమును, హ్యాష్ సంఖ్యను కోరుచున్నది. ఒక్క యక్షరము మారినను ఆ సంఖ్య మారును. అందుచే సాక్ష్యమును తరువాత దిద్దినచో ఆ సంగతి బయటపడును. తన ఫోనులోని రహస్యములను పరపురుషునికి చూప సంకోచించు నాపన్నురాలికి, ఈ విద్య నెరిగిన స్త్రీ యొకతె యుండుట యెంత ధైర్యము! కుమార్తె పెండ్లి నగలకై కూడబెట్టు తల్లులు ఆమె పరీక్షా రుసుమునకును గొంత తీసియుంచుదురు గాక.