అమెరికా రాజ్యాంగ ప్రభుత్వ ఆవిర్భావం

1. పరిచయం

బ్రిటన్‌లో రాజ్యాంగం ఉన్నదిగాని అది ఒకే గ్రంథ రూపంలో లేదు. పార్లమెంటు చేసిన శాసనాన్ని చెల్లదని కొట్టివేయగల ఉన్నత శాసనం అక్కడ లేదు. ఆ సంప్రదాయంలోనే పెరిగిన అమెరికన్లు, శాసనసభ సైతం అతిక్రమించరాని లిఖిత రాజ్యాంగాన్ని ఎందుకు కోరుకున్నారు? ఆ రాజ్యాంగానికి శాసనసభను మించిన అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం. 1787లో ఫిలడెల్ఫియాలో జరిగిన చర్చలను మాత్రమే చదివితే ఈ సమాధానం పూర్తిగా దొరకదు. అందుకే వలసల కాలం నుంచి ప్రారంభిద్దాం.

2. వలసల అనుభవం

1607లో జేమ్స్‌టౌన్‌లో స్థిరపడిన ఆంగ్లేయులు రాజు మంజూరు చేసిన అధికారపత్రం ఆధారంగా వచ్చారు. 1619లో వర్జీనియాలో ఎన్నికైన ప్రతినిధుల సభ సమావేశమైంది. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవారు పరిపాలన గురించి ఒక ఒడంబడిక రాసుకొని సంతకాలు చేశారు. 1639లో కనెక్టికట్ పట్టణాలవారు తమ ప్రభుత్వ స్వరూపాన్ని లిఖితపూర్వకంగా నిర్ణయించుకున్నారు. ఈ విధంగా, పాలకుల అధికారాలకు రాతపూర్వకమైన ఆధారం ఉండాలన్న అలవాటు వలసల్లో తొలినుంచే ఏర్పడింది.

1765 నాటి స్టాంపు చట్టం ఈ అలవాటును సిద్ధాంతంగా మార్చింది. తమ ప్రతినిధులు లేని పార్లమెంటుకు తమపై పన్ను వేసే హక్కు లేదని వలసవాసులు వాదించారు. పార్లమెంటు 1766లో ఆ చట్టాన్ని రద్దుచేసింది. కాని అన్ని విషయాల్లోనూ వలసలకు శాసనాలు చేసే అధికారం తనకున్నదని ప్రత్యేక చట్టం ద్వారా ప్రకటించుకుంది. దీనితో వలసవాసులకు ఒక విషయం స్పష్టమైంది. రాజు అధికారానికే కాదు, శాసనసభ అధికారానికి కూడా హద్దు ఉండాలి.

3. మసాచుసెట్స్ ప్రయోగం

1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కాలంలో చాలా రాష్ట్రాలు సొంత రాజ్యాంగాలు రాసుకున్నాయి. వాటిలో ఎక్కువ భాగం అప్పటికి పాలిస్తున్న సభలే తయారుచేసినవి. ఇక్కడే చిక్కు వచ్చింది. సభ చేసిన రాజ్యాంగాన్ని ఆ సభే మార్చగలిగితే అది సభను ఎట్లా అదుపు చేస్తుంది? మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ పట్టణవాసులు 1776 అక్టోబరులోనే ఈ అభ్యంతరం లేవనెత్తారు. శాసనసభ తయారుచేసిన ముసాయిదాను ఆ రాష్ట్ర పట్టణ సభలు 1778లో తిరస్కరించాయి. తరవాత ఆ పని కోసమే ఎన్నికైన ప్రత్యేక పరిషత్తు కొత్త ముసాయిదాను రూపొందించింది. దాని రచనలో జాన్ ఆడమ్స్‌ది ప్రధాన పాత్ర. 1780లో ప్రజలు పట్టణ సభల్లో చర్చించిన తరవాతే అది అమలులోకి వచ్చింది. మొదటి ప్రశ్నకు వలసల అనుభవం సమాధానమైతే, రెండో ప్రశ్నకు ఈ ప్రయోగమే సమాధానం: రాజ్యాంగాన్ని శాసనసభ కాక ప్రజలు ఆమోదిస్తారు కనక అది శాసనసభ కంటే పైనిది.

4. కాన్ఫెడరేషన్ వైఫల్యం

జాతీయ స్థాయిలో పరిస్థితి వేరు. 1781లో అమలులోకి వచ్చిన కాన్ఫెడరేషన్ నిబంధనలు పదమూడు రాష్ట్రాల మధ్య మైత్రి ఒప్పందం వంటివి. కాంగ్రెసులో ప్రతి రాష్ట్రానికి ఒకే ఓటు. కాంగ్రెసుకు పన్నులు వేసే అధికారం లేదు. రాష్ట్రాలను డబ్బు అడగడమే దాని పని. ప్రత్యేక కార్యనిర్వాహక శాఖ లేదు. సవరణకు అన్ని రాష్ట్రాల సమ్మతి అవసరం. దిగుమతి సుంకం ప్రతిపాదనను 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే అడ్డుకోగలిగింది. అప్పులు, పన్నుల భారంతో నలిగిన పశ్చిమ మసాచుసెట్స్ రైతులు 1786-87లో తిరగబడినప్పుడు కేంద్రం నిస్సహాయంగా ఉండిపోయింది.

5. ఫిలడెల్ఫియా సమావేశం

1787 మే 25 నుంచి సెప్టెంబరు 17 వరకు జరిగిన ఈ సమావేశానికి పన్నెండు రాష్ట్రాల నుంచి 55 మంది హాజరయ్యారు. రోడ్ ఐలండ్ ప్రతినిధులను పంపలేదు. జార్జి వాషింగ్టన్ అధ్యక్షత వహించాడు. ఉన్న నిబంధనలను సవరించడానికే కాంగ్రెసు అనుమతించింది. ప్రతినిధులు మాత్రం కొత్త రాజ్యాంగమే రాశారు. పెద్ద, చిన్న రాష్ట్రాల వివాదాన్ని ప్రతినిధుల సభలో జనాభా ప్రకారం, సెనేటులో సమాన సంఖ్యలో ప్రాతినిధ్యం ఇచ్చి పరిష్కరించారు. అధికార పృథక్కరణను, నిరోధ సమతౌల్యాలను పొందుపరచారు.

మరో రాజీని కూడా మీరు గుర్తుంచుకోవాలి. ప్రాతినిధ్యం లెక్కించేటప్పుడు ప్రతి అయిదుగురు బానిసలను ముగ్గురిగా పరిగణించారు. బానిసలకు ఓటు లేదు. వారి సంఖ్య వల్ల పెరిగిన బలం యజమానులున్న రాష్ట్రాలకు చేరింది. 1808కి ముందు విదేశాల నుంచి బానిసల దిగుమతిని కాంగ్రెసు నిషేధించరాదన్నారు. అయినా బానిస అన్న మాట ఆ పత్రంలో ఎక్కడా కనిపించదు.

6. ప్రజామోదం

పాత నిబంధనల ప్రకారం పదమూడు శాసనసభలూ ఒప్పుకోవాలి. కొత్త రాజ్యాంగం తొమ్మిది రాష్ట్రాల ప్రత్యేక సమావేశాలు ఆమోదిస్తే చాలన్నది. శాసనసభలపై ఆధారపడితే అది ఒప్పందం మాత్రమే అవుతుందని, ప్రజలపై ఆధారపడితేనే రాజ్యాంగం అవుతుందని జేమ్స్ మాడిసన్ వాదించాడు. మసాచుసెట్స్ పాఠం ఇక్కడ జాతీయ సూత్రమైంది. ఆమోదం సులభంగా రాలేదు. మసాచుసెట్స్‌లో 187-168, వర్జీనియాలో 89-79, న్యూయార్క్‌లో 30-27 ఓట్లతో నెగ్గింది. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ తొమ్మిదో రాష్ట్రమైంది. హక్కుల ప్రకటన లేదన్న విమర్శకుల ఒత్తిడి ఫలితంగా 1791లో మొదటి పది సవరణలు చేరాయి. 1803లో మార్బరీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమైన చట్టం చెల్లదని తీర్పు చెప్పడానికి కూడా, రాజ్యాంగం ప్రజలు చేసిన మూలశాసనం అన్న భావనే ఆధారం.

7. సారాంశం

అమెరికా రాజ్యాంగ ప్రభుత్వానికి పునాది ప్రజామోదం. అయితే ఆ ప్రజల్లో ఆనాడు ఎవరెవరు ఉన్నారు? బానిసలు, ఆదివాసులు, దాదాపు అన్ని చోట్లా స్త్రీలు, చాలా రాష్ట్రాల్లో ఆస్తిలేని పురుషులు ఆ ఓటింగుకు వెలుపలే ఉండిపోయారు. 1865లో బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడో సవరణ, 1920లో స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చిన పందొమ్మిదో సవరణ ఆ సూత్రాన్నే మరింత మందికి విస్తరింపజేశాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శాసనసభ రూపొందించిన రాజ్యాంగంపై కాంకర్డ్ పట్టణవాసుల అభ్యంతరం ఏమిటి?
2. ఆమోదానికి ప్రత్యేక సమావేశాలనే ఎందుకు ఎంచుకున్నారు?