ఇచెన్ నది తిప్పిన పిండి మర

ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో, హైస్ట్రీట్ దిగువన, ఇచెన్ నది మీదే కట్టిన పాత పిండి మర ఒకటుంది. నది దాని అడుగునుంచే దూసుకుపోతుంది. 1086 నాటి డూమ్స్‌డే అనే ఆస్తుల లెక్కల్లోనే ఇక్కడి మర ప్రస్తావన ఉంది. అప్పట్లో అది వెర్‌వెల్ మఠం సన్యాసినుల ఆస్తి. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేశాక రాచరికం చేతికొచ్చింది. 1554లో మేరీ రాణికీ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌కీ వించెస్టర్ కెథెడ్రల్‌లో పెళ్లి జరిగింది. ఆ పెళ్లికి ఊరు పెట్టిన ఖర్చులో కొంతైనా తీరేలా రాణి ఈ మరను ఊరికి రాసిచ్చింది. పెళ్లి పేరుమీద చేతులు మారిన ఆస్తుల్లో ఇన్నాళ్లు పనికొచ్చింది ఇంకోటి ఉండదేమో! ఇప్పుడున్న కట్టడం 1740ల నాటిది.

లోపలున్నది మన తిరగలే. చెయ్యి బదులు నది తిప్పుతుంది. చిక్కల్లా వేగంతోనే. నీటి చక్రం నింపాదిగా తిరుగుతుంది, రాయి చకచకా తిరగాలి. అందుకే ఇరుసు మీది పెద్ద పళ్ల చక్రం ఒక చిన్నదాన్ని తిప్పి, తిరుగుడును నిలువు స్తంభానికి ఎక్కిస్తుంది. అక్కడ ఇంకో జత చక్రాలు వేగాన్ని మరింత పెంచి పై రాయిని తిప్పుతాయి. కింది రాయి కదలదు. రెండూ ఒరుసుకుంటే పిండిలో రాతిపొడి పడుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. పిండి ధూళి తేలే గదిలో నిప్పురవ్వ లేస్తే మరంతా బూడిదే. ఎడం ఎక్కువైతే నూక వస్తుంది. పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి ఆ సందును సరిచేయడమే మర నడిపేవాడి విద్య. రాయి గాళ్లు అరిగితే పైకెత్తి కక్కు కొట్టాలి.

ఉక్కు రోలర్ల ఆవిరి మిల్లులు, ఓడల్లో దిగిన చౌక గోధుమలు ఇలాంటి మరల పొట్టకొట్టాయి. ఇక్కడా పిండి ఆడటం ఆగిపోయింది. కొన్నాళ్లు లాండ్రీ నడిచింది. 1928లో కూల్చేస్తారనగా కొందరు దాతలు కొని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కి అప్పగించారు. 1931లో యూత్ హాస్టల్ అయింది, ఆ దేశపు తొలి హాస్టళ్లలో ఒకటి. కుర్రకారు మర కింది నీళ్లలోనే స్నానాలు చేసేవారు. పాతదాన్ని కాపాడటమంటే తాళం వేసి బోర్డు తగిలించడమనుకుంటాం. నా లెక్కలో ఈ మరను నిలబెట్టింది ఆ హాస్టల్ మంచాలే. మనుషులు పడుకునే ఇంట్లో కప్పు కారితే ఆ రాత్రే తెలుస్తుంది.

2004లో మర మళ్లీ పిండి ఆడింది. నడిస్తే అరుగుతుంది, ఆపితే చెక్క పాడవుతుంది. పాతకాలపు మర వడ్రంగులు ఆ అరుగుదలకొక ఉపాయం కనిపెట్టారు: ఇనుప చక్రానికి జోడీగా చెక్క పళ్ల చక్రం పెట్టేవారు. చప్పుడు తగ్గుతుంది, ఏదైనా ఇరుక్కుంటే విరిగేది చెక్క పన్నే. ఆ ఒక్కదాన్ని ఊడగొట్టి కొత్తది దిగ్గొడితే సరిపోతుంది.