నక్షత్ర చిత్రములలోని రంగులు నిజములేనా?

అంతరిక్షమునందలి దూరదర్శినులు తీసి పంపిన నక్షత్రముల చిత్రములను మన విద్యార్థులనేకులు చూచియున్నారు. వానిని తరగతిలో చూపినపుడు ఒక బాలిక మమ్ము నిట్లడిగెను: "మాస్టారూ, ఈ రంగులు అక్కడ నిజంగా ఉన్నాయాండీ, లేక ఎవరైనా వేశారా?" ఇది చిన్న ప్రశ్న కాదు. రంగులన్నియు కల్పితములే యైనచో, ఆ సౌందర్యమునకై మనము సృష్టికర్తను గాక చిత్రకారుని కొనియాడవలసి వచ్చును. కావున దీనికి నిదానించి ప్రత్యుత్తరము చెప్పుట మా విధియని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

దూరదర్శినిని భూమిని విడిచి పైకేల పంపవలెనో మొదట తెలిసికొందము. పారుచున్న కాలువలో అడుగుననున్న గులకరాయి కదలుచున్నట్లు కనబడును. కదలునది నీరే గాని రాయి కాదు. అట్లే మన పైనున్న గాలి చలించుటచేత నక్షత్రములు మినుకుమినుకుమనును. అంతియగాక, కొన్ని విధముల కిరణములను గాలి నేలకు రానీయక మ్రింగివేయును. ఈ రెండు ఆటంకములను దాటుటకై, 1990వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన హబుల్ దూరదర్శినిని డిస్కవరీ యను వ్యోమనౌకలో పంపిరి. దాని ప్రధాన దర్పణము 2.4 మీటర్ల వెడల్పు గలది.

అయితే తొలి చిత్రములు మసకగా వచ్చెను. పరీక్షింపగా, దర్పణపు అంచు ఉండవలసిన దానికంటె, తలవెండ్రుక మందములో సుమారు ఏబదవ వంతు ఎక్కువ చదునుగా అరగదీయబడెనని తేలెను. శాస్త్రజ్ఞులు ఆ దోషమును లోకమునకు దాచలేదు. 1993 డిసెంబరులో ఏడుగురు వ్యోమగాములు అచ్చటికేగి, చూపు తగ్గినవారికి కండ్లజోడు పెట్టినట్లు, ఆ దోషమును సవరించు పరికరములను అమర్చిరి. వెండ్రుకలో ఏబదవ వంతు తప్పును సహింపనివారు రంగుల విషయమున తమ యిష్టము వచ్చినట్లు చేయుదురా?

ఇక రంగుల మాట. ఈ దూరదర్శిని కెమేరా రంగులనెరుగదు. ఎచ్చట ఎంత వెలుగు పడినదో మాత్రమే లెక్కించును. కావున దాని ముందు వేర్వేరు ఫిల్టరులనుంచి, ఒక్కొక్క జాతి వెలుగును విడివిడిగా చిత్రింతురు. పిమ్మట ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగునిచ్చి అన్నిటిని కలుపుదురు. 1995లో హబుల్ తీసిన గరుడ నీహారిక చిత్రము జగద్విఖ్యాతమైనది. సుమారు 6,500 కాంతి సంవత్సరముల దూరమున వాయువును ధూళియు కలసి మూడు గొప్ప స్తంభములవలె నిలిచియున్నవి. వానిలో క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవి. 'సృష్టి స్తంభములు' అని వానికి పేరు. ఆ చిత్రమున గంధకపు వెలుగునకు ఎరుపును, ఉదజని వెలుగునకు ఆకుపచ్చను, ఆమ్లజని వెలుగునకు నీలమును ఇచ్చిరి. మన కంటికైతే గంధకము, ఉదజని రెండును ఎర్రగానే తోచును గనుక వానిని వేరుపరచి చూడలేము. రంగుల ఏర్పాటు మనుష్యులది. ఏ వాయువు ఎచ్చట వెలుగుచున్నదను సత్యము ఆకాశమునదే.

2021వ సంవత్సరము క్రిస్మసు దినముననే జేమ్స్ వెబ్ దూరదర్శినిని పంపిరి. బంగారు పూత గల 18 పలకలు కలసి 6.5 మీటర్ల దర్పణముగా అమరియున్నవి. అది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరముననుండి, ముఖ్యముగా మన కంటికి కనబడని పరారుణ కిరణములను చూచుచున్నది. కనబడని వెలుగునకు రంగెట్లు కలుగును? మన ప్రార్థనలయందు పెద్దలు మంద్రముగా పాడిన కీర్తనను, పిల్లల గొంతునకందునట్లు హార్మోనియము మీద శ్రుతి పెంచి పాడింతుము గదా! శ్రుతి మారినను స్వరముల వరుస మారదు, కీర్తన అదియే. ఆ విధముగనే దీర్ఘ తరంగములకు ఎరుపును, హ్రస్వ తరంగములకు నీలమును ఇచ్చి, ఆ వెలుగును మన కంటికందునట్లు చేయుదురు. 2022లో వెబ్ ఆ స్తంభములనే తిరిగి చిత్రింపగా, ధూళి వెనుక దాగియున్న నక్షత్రములు వేలకొలది బయల్పడెను.

అదే సంవత్సరము జూలైలో వెలువడిన మరియొక చిత్రములో, చేయి చాచి పట్టుకొన్న యిసుక రేణువు కప్పునంత ఆకాశభాగమున వేలకొలది నక్షత్రవీథులు కనబడెను. వాని నడుమనున్న గుంపునుండి వెలుగు బయలుదేరి 460 కోట్ల సంవత్సరములు గడచినవి. ఆ వెలుగును ఏ చిత్రకారుడును సృజింపలేదు.

కాబట్టి ఆ బాలికకు మా ప్రత్యుత్తరమిది: అమ్మా, రంగులను మనుష్యులు నియమము ననుసరించి ఏర్పరచిరి, వెలుగును వారు చేయలేదు. శాస్త్రజ్ఞుడు ఇచ్చట అనువాదకుడే గాని గ్రంథకర్త కాడు.

విద్యార్థులారా, నవంబరు మాసమున అమావాస్యనాటి రాత్రి, దీపముల వెలుగు లేని పొలమునకు పెద్దలతో కూడ వెళ్లి, నడినెత్తికి కొంచెము ఉత్తరముగా చూడుడు. చిన్న మబ్బుతునకవలె తెల్లని మసక యొకటి కనబడును. అదియే ఆండ్రొమిడా నక్షత్రవీథి. ఆ వెలుగు సుమారు 25 లక్షల సంవత్సరములు ప్రయాణము చేసి మీ కంటిని చేరుచున్నది. అందు ఎరుపు లేదు, నీలము లేదు. అయినను అది సృష్టికర్త చేతిపనియే. దానిని చూచిన పిమ్మట ఆ చిత్రములను మరల తెరచి చూడుడు.