గర్భసంచి గోడలో గడ్డ

అక్కా! ముట్టు వస్తే మూడు రోజులు లేవలేకపోతున్నారా? రక్తం గడ్డలు గడ్డలుగా పోతున్నదా? "ఆడజన్మ, ఓర్చుకోవాలె" అంటరు పెద్దలు. ప్రతి నొప్పీ ఓర్చుకోవలసింది కాదు. దాని వెనక జబ్బు ఉండవచ్చు. అలాంటి ఒక జబ్బు ఎడినోమయోసిస్. పేరు పెద్దది. కూడబలుక్కొని చదవండి: ఎడినో - మయోసిస్.

గర్భసంచి జామపండంత ఉంటుంది. దాని గోడ మందంగా, కండతో ఉంటుంది. లోపలివైపు మెత్తని పొర ఉంటుంది. నెలనెలా ఆ పొర ఉబ్బుతుంది. గర్భం నిలవకపోతే ఊడి బయటికి వస్తుంది. అదే ముట్టు.

కొందరిలో ఆ పొర లాంటిదే కండలోపల కూడా పెరుగుతుంది. పాత గోడలోకి రావివేరు చొచ్చుకుపోయినట్టు. నెలనెలా అదీ ఉబ్బుతుంది. అక్కడా రక్తం ఊరుతుంది. కానీ బయటికి దారి ఏది? అందుకే గోడ వాస్తుంది, నొప్పి పుడుతుంది. గోడ అంతటా ఉంటే సంచి పెద్దదవుతుంది. ఒక్కచోటే ఉంటే గడ్డలాగ కనిపిస్తుంది. స్కానింగ్ కాగితంలో "ఫోకల్" అని రాస్తే ఒక్కచోట అని అర్థం.

ఇది క్యాన్సర్ కాదు. ఫైబ్రాయిడ్ గడ్డ కూడా కాదు. ఫైబ్రాయిడ్‌కు అంచు ఉంటుంది, వేరుచేసి తీయవచ్చు. దీనికి సరైన అంచు ఉండదు.

రక్తం ఎక్కువ పోతే ఒంట్లో రక్తం తగ్గుతుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కొత్తగూడ అపార్టుమెంట్లలో పనికి పోయే అక్కలకు మెట్లు తప్పవు కదా!

దీనికి మందులున్నాయి. నొప్పి మాత్రలు, రక్తం పోవడం తగ్గించే మాత్రలు, హార్మోన్ మాత్రలు ఇస్తారు. మందుతో ఉన్న లూప్ కూడా వేస్తారు. ముట్లు ఆగిపోయాక ఈ బాధ మామూలుగా తగ్గిపోతుంది.

"సంచి తీసేస్తే పీడ పోతుంది" అంటారు. ఏ మందుకూ తగ్గకపోతే, ఇక పిల్లలు వద్దనుకుంటే, అదీ ఒక దారే. కానీ మొదటి దారి కాదు. అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి. మనవైపు ఈ ఆపరేషన్లు మరీ ఎక్కువ. 2015-16 సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 100కి 3 మంది. తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9. అవసరం లేని ఆపరేషన్లను అరికట్టాలని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కొత్తగూడ వాళ్లకు కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. స్కానింగ్ కాగితం వెంట తీసుకుపోండి. డాక్టరమ్మను ఇవి అడగండి: గడ్డ ఏ రకం? ముందు మందులు వాడి చూడవచ్చా? ఎన్ని నెలలు? ఆపరేషనే అంటే, అండాశయాలు ఉంచుతారా?