ఉచితంగా అందిన విద్య – మన బాధ్యత

“మౌలానా సాబ్! మా అబ్బాయి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటానంటున్నాడు. శిక్షణా కేంద్రంలో చేర్పించే స్థోమత మాకు లేదు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుందట. అలా తీసుకోవడం హలాలేనా?” అని ఒక తండ్రి మమ్మల్ని అడిగారు. దొంగ నకలు సాఫ్ట్‌వేర్‌ను తప్పుగా భావించనివారే అధికంగా ఉన్న ఈ రోజుల్లో, ఇలా అడగడమే ఆయన దైవభీతికి నిదర్శనం.

పైథాన్ భాషను నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో రూపొందించనారంభించి, 1991లో లోకానికి అందించారు. దాని మూలాన్ని ఎవరైనా చదవవచ్చు, వాడవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఈ అనుమతి దాని లైసెన్సులోనే లిఖితపూర్వకంగా ఉన్నది. కనుక ఇది దొంగసొత్తు కాదు, ఇష్టపూర్వకంగా ఇచ్చిన కానుక. అయితే పంచేటప్పుడు అందులోని కాపీరైట్ ప్రకటనను తొలగించరాదు. ఒప్పందాలను నెరవేర్చమన్న ఖుర్‌ఆన్ ఆదేశం ఇక్కడా వర్తిస్తుంది.

తొలి అడుగు

పైథాన్‌ను దాని అధికారిక వెబ్‌సైటు నుండే దించుకోవాలి. విండోస్ కంప్యూటర్‌లో దానితోపాటు ‘ఐడిల్’ అనే వ్రాతపలక కూడా వస్తుంది. అందులో ‘ప్రింట్’ ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి, బ్రాకెట్లలో కొటేషన్ గుర్తుల మధ్య ‘అస్సలాము అలైకుమ్’ అని తెలుగులోనే వ్రాసి ఎంటర్ నొక్కితే, కంప్యూటర్ మనకు సలాం చెబుతుంది!

మన వంతు

తీసుకోవడం తెలిసినవారికి ఇవ్వడం కూడా తెలియాలి. అందుకు మహా పండితులే కానక్కరలేదు. వివరణ పాఠంలో అక్షరదోషాన్ని సరిదిద్దడం, లోపం ఎలా తలెత్తిందో క్రమంగా వ్రాసి తెలియజేయడం, అనువదించడం – ఇవన్నీ సేవలే. పైథాన్ పాఠాలు ఫ్రెంచి, జపనీ భాషలలోకి ఇలాగే వెళ్లాయి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు పలికే మన పిల్లలకు ఇది చక్కని అవకాశం.

ఇక్కడి పద్ధతి హదీసు విద్యార్థులకు కొత్తగా తోచదు. హదీసుకు సనదు ఉన్నట్లే, ప్రతి మార్పుకూ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అనే వివరం నమోదవుతుంది. అనుభవజ్ఞులు పరిశీలించాకే దానిని స్వీకరిస్తారు. తిరస్కరిస్తే అవమానంగా భావించరాదు. కారణం తెలుసుకుని, సవరించి, మళ్ళీ పంపాలి.

నియ్యత్ మాత్రం శుద్ధంగా ఉండాలి. 2020 అక్టోబరులో, ఇలాంటి సేవకు టీషర్టు కానుకగా ఇస్తారని తెలిసి, అనేకులు అర్థంలేని మార్పులను కుప్పలుగా పంపారు. స్వచ్ఛందంగా పనిచేసేవారి కాలమంతా వాటిని ఏరివేయడానికే ఖర్చయింది. పేరు కోసం, బహుమతి కోసం చేసిన పని ఇతరులకు భారమే అవుతుంది.

ప్రయోజనకరమైన విద్య మనిషి మరణానంతరం కూడా పుణ్యాన్ని చేకూరుస్తూనే ఉంటుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అందుకే ఆ తండ్రితో మేము ఇలా అన్నాము: “నిశ్చింతగా నేర్పించండి. కానీ తీసుకున్నదానికి బదులుగా ఏదో ఒకటి తిరిగి ఇస్తానని మీ అబ్బాయి చేత మాట తీసుకోండి.”

మన సంతానాన్ని ఇచ్చే చేతులవారిగా అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.