గాలిలో అంతసేపు ఎలా?

ట్రాంపొలిన్ క్రీడాకారుడు అంత పైకి ఎలా లేస్తాడు? కిటుకంతా కాళ్ల కిందే ఉంది. గట్టి పట్టీలతో అల్లిన పరుపు చుట్టూ వందకు పైగా ఉక్కు స్ప్రింగులు ఉంటాయి. అతను దిగగానే అవి సాగి శక్తిని దాచుకుంటాయి, ముడుచుకుంటూ తిరిగి ఇచ్చేస్తాయి. పరుపు అడుక్కి దిగినప్పుడే కాళ్లతో గట్టిగా తొక్కాలి. అదను తప్పితే ఎత్తు తగ్గిపోతుంది!

గాలిలో మోకాళ్లను గుండెకు హత్తుకుంటే పల్టీ వేగం పెరుగుతుంది. ఒళ్లు చాపితే తగ్గుతుంది.

ఒలింపిక్స్‌లో ఈ పోటీ 2000లో సిడ్నీలో మొదలైంది. పురుషుల తొలి స్వర్ణం రష్యా క్రీడాకారుడు అలెగ్జాండర్ మొస్కలెంకోది. వరుసగా 10 విన్యాసాలు చేయాలి. క్లిష్టత, నేర్పు, పరుపు మధ్యలోనే దిగడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. గాలిలో గడిపిన ప్రతి సెకనుకూ ఒక పాయింటు!

చైనాకు చెందిన డాంగ్ డాంగ్ బీజింగ్ నుంచి టోక్యో దాకా వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచాడు. వాటిలో స్వర్ణం 2012 లండన్‌లో వచ్చింది.