నాట్యము నేర్చు బాలికలకు మడమనొప్పి

నాట్యము నేర్చుకొను బాలికలు పాఠము ముగియగానే మడమలు పట్టుకొని కూర్చుండుటయు, మునివేళ్లమీద కుంటుచు నడచుటయు అనేక గృహములలో కానవచ్చును. కొందఱు తల్లులు దీనిని సోమరితనమునకు నెపమని కసరుదురు. మఱికొందఱు భయపడి పాఠమునే మాన్పింతురు. ఈ రెండును పొరపాటులే యని సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

ఈ బాధ సాధారణముగా 8 మొదలు 14 ఏండ్లవఱకు గల పిల్లలకు వచ్చును. ఆ వయస్సున మడమయెముక వెనుకభాగమున ఇంకను గట్టిపడని మృదులాస్థి యుండును. పిక్కనుండి దిగివచ్చు బలమైన స్నాయువు అచ్చటనే అతుకుకొనియుండును. పిల్ల వడిగా పొడుగెదుగునపుడు, ఎముకలు పెరిగినంత త్వరగా పిక్కకండరములు సాగవు. అవి బిగిసి ఆ లేతభాగమును పైకి లాగుచుండును. క్రిందనుండి నేలతాకిడి తగులుచుండును. ఈ రెంటినడుమ నలిగి మడమ నొచ్చును. 1912లో అమెరికా వైద్యుడు జేమ్సు సెవరు దీనిని వివరించుటచే దీనికి సెవర్సు వ్యాధి యని పేరు వచ్చినది. పేరునకు వ్యాధియే గాని, ఇది అంటునదియు కాదు, జీవితాంత ముండునదియు కాదు. సుమారు 15 ఏండ్లకు ఆ యెముక పూర్తిగా అతుకుకొనిన పిమ్మట మరల రాదు.

కూచిపూడి, భరతనాట్యములయందు పాదరక్షలు లేక, అరమండిలో నిలిచి, పాదమంతయు నేలకు తగులునట్లు తట్టవలెను. నేల సిమెంటుదో నాపరాతిదో యైనచో తాకిడి మఱింత హెచ్చును. జిమ్నాస్టిక్సు అభ్యసించు పిల్లలును వట్టికాళ్లతో ఎగిరి దూకుదురు గనుక వారికిని ఇదే బాధ కలుగును.

మడమను రెండుప్రక్కలనుండి మెల్లగా నొక్కిచూచిన, పిల్ల నొప్పియని చెప్పును. అట్లైనచో ఎగురుటయు, గట్టిగా పాదములు తట్టుటయు కొన్ని వారములు మాన్పవలెను. పాఠము మాన్పనక్కఱలేదు, కూర్చుండి హస్తములు, అభినయము, తాళము సాధన చేయవచ్చును. సాధన ముగిసిన పిదప మంచుగడ్డను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషములు మడమకు ఆనించవలెను. ఇంటను మెత్తని మడమగల చెప్పులు తొడిగింపవలెను. ఉదయము, సాయంకాలము గోడకు చేతు లానించి, ఒక కాలు వెనుకకు చాచి, మోకాలు వంచక, మడమ నేలనుండి లేవనీయక ముందునకు వంగవలెను. అరనిమిషముచొప్పున మూడుమారులు చేసిన పిక్క సాగును. ఇందువలన నొప్పి హెచ్చినచో ఆపవలెను.

కుంటక నడచి, ఒంటికాలిమీద గెంతినను నొప్పి లేనప్పుడే మరల ఆడనీయవచ్చును. మొదట విలంబకాలమున, సగము సేపు మాత్రమే. అయితే మడమ వాచినను, ఎఱ్ఱబడినను, జ్వరము వచ్చినను, రాత్రి నిద్రలో నొప్పిచే లేచినను, క్రిందపడిన పిదప కాలు మోపలేకున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. కొన్ని వారముల విశ్రాంతితో తగ్గకున్నను అట్లే చేయవలెను.

ప్రదర్శనదినము సమీపించినపుడు, గురువుగారికి కోపము వచ్చునని పిల్లలు నొప్పిని దాచుకొని ఆడుదురు. ఆ మాట గురువుగారితో చెప్పవలసినది తల్లియే. ఒక ప్రదర్శన తప్పిన మఱియొకటి వచ్చును. పిల్ల తన బాధను తల్లితో నిర్భయముగా చెప్పుకొను అలవాటు తప్పిన, అది మరల కుదురుట కష్టము.